కోటను వేలం పాడినవాళ్ళు

గుంటూరు,
6 జనవరి 1986.

రెబ్కా అక్కా,

క్షేమం, క్షేమం అని రెండు పంక్తులు దండగ చేయను. బతికే ఉన్నాను. మిల్లులో బేళ్ళ పని ముమ్మరంగా ఉంది. ముక్కులో దూది, గొంతులో దూది. అసలు సంగతి చెబుతాను.

మిల్లులో నాతో పనిచేసే సిలార్ వాళ్ళ బావ లారీ మీద ఒంగోలు వస్తున్నాడు. అతని చేతికి ఒక మూటిచ్చాను. విప్పి చూడు. బేళ్ళ మీద నంబర్లు వేసే సిరాతో గీసిన గుడ్డ ఉంటుంది. అది నేను తయారుచేసిన యుద్ధం ఆట. నడుమ కొండ, కొండ మీద కోట, చుట్టూ నల్లరేగడి చేలు. చింతపిక్కలు కోటలో సైన్యం. పత్తిగింజలు ముట్టడి వేసిన సైన్యం. గురిగింజలు ముట్టడివాడి తిండిబళ్ళు. కందులు కోటలో ఉన్న తిండి, నలభై. ఒక్కో వంతుకి కోటవాడు రెండు కందులు తిన్నట్టు లెక్క, తీసి పక్కన పెట్టాలి. పెట్టడానికి లేకపోతే కోట పడినట్టే. ఇరవై వంతులు నిలబడితే వానలు దిగుతాయి, రేగడిలో బళ్ళు కూరుకుపోతాయి, ముట్టడివాడు ఇంటికి పోవాల్సిందే. కోట గెలిచినట్టు. కొట్టుకునేటప్పుడు గవ్వలు వేయాలి. గోడ చాటున ఉన్నవాడికి ఒక గవ్వ ఎక్కువ. కోటవాడు బయటికొచ్చి బండి పట్టుకుంటే అయిదు కందులు లోపలికి.

ఇదంతా ఎక్కడిదంటావా? పాత కాగితాల కొట్టులో చిరిగిన ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. దొరలు బల్ల మీద బొమ్మసైన్యాలు పెట్టి యుద్ధాలు ఆడుకుంటారట. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. సగం పేజీలు లేవు. ఆట తయారయ్యాక ఏం చేయాలో రాసిన పేజీలే లేవు. లేని సగం నేనే కల్పించాను.

ఇక్కడ వెంకటనారాయణ గారని ప్రెస్సు ఆయన ఉన్నాడు. శుభలేఖలు, కాలెండర్లు, వైకుంఠపాళి అట్టలు అచ్చేస్తాడు. నా గుడ్డ చూసి, వేసవి సెలవులకి పెట్టెల్లో పెట్టి అమ్ముదామన్నాడు. ఒక షరతు పెట్టాడు. నేను పక్కన లేకుండా, నా కాగితం చదువుకుని, ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆడి చూపించాలట. "ప్రతి పెట్టెలో నిన్ను కూడా పెట్టి అమ్మలేను కదటోయ్, అరవడానికి!" అన్నాడు. ఏప్రిల్‌లోగా కుదరకపోతే దీనికని ఉంచిన అచ్చు కాగితం వైకుంఠపాళికి పోతుంది.

అక్కా, నన్ను ఎనిమిదిలో బడి మాన్పించారు. మిల్లు మేస్త్రీ నన్ను "పత్తిగింజల సేనాధిపతీ" అని పిలుస్తాడు. నా బుర్రలోంచి వచ్చింది ఒక్కటి అచ్చులో చూడాలి. మీ పొగాకు కంపెనీలో గ్రేడింగుకి వచ్చే ఆడవాళ్ళ చేత ఆడించు. రూల్సులో అక్షరం మార్చవద్దు.

జయరావు

---

ఒంగోలు,
9 ఫిబ్రవరి 1986.

చిన్నవాడైనా చిరాకులో పెద్దవాడైన తమ్ముడికి, రెబ్కా అక్క దీవెనలు.

దేవుని దయవల్ల మేమంతా బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది. నువ్వు అడగలేదు, అయినా రాస్తున్నాను.

గ్రేడింగు మొదలైంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక గోడౌను అరుగు మీద నీ గుడ్డ పరిచాను. ఎలీసమ్మత్త కోట తీసుకుంది. ఆవిడ తెలుసుగా, ఆకు ముట్టుకుంటేనే రకం చెప్పేస్తుంది, నోరు తెరిస్తే నలుగురు సర్దుకుని కూర్చుంటారు. ముట్టడికి బసవమ్మ కూర్చుంది. కాగితం నేను చదివాను.

మొదటి వంతు అయింది. ఎలీసమ్మత్త కదల్లేదు. రెండోదీ కదల్లేదు.

"ఏమే, బయటికి రావే! బళ్ళున్నాయి, పట్టుకోవే!" అని బసవమ్మ.

"నేనెందుకొస్తా? లోపల కందులున్నాయి, ముందర గోడ ఉంది. వానలు పడేదాకా కూర్చుంటా" అని వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూర్చుంది. ఇరవై వంతులూ అంతే. బసవమ్మ గోడ ఎక్కబోయినప్పుడల్లా గింజలు పోగొట్టుకుంది. చివరికి గవ్వలు విసిరేసి, "ఇదేం యుద్ధమే తల్లీ, అద్దిల్లు ఖాళీ చేయనివాళ్ళతో తగాదాలా ఉంది!" అంది.

మర్నాడు ఇంకో ఇద్దరు ఆడారు. కోటే గెలిచింది. ఆ మర్నాడూ కోటే. ఇప్పుడు ముట్టడికి ఎవరూ కూర్చోవడం లేదు. ఒరేయ్, నిజం చెప్పు. ఈ సంగతి నీకు ముందే తెలుసా?

అక్క

---

గుంటూరు,
17 ఫిబ్రవరి.

అక్కా,

తెలుసు. వెంకటనారాయణ గారు కూడా అదే అన్నాడు. "కోట తీసుకున్నవాడే గెలుస్తుంటే ఇళ్ళల్లో పిల్లలు కోట కోసం జుట్లు పట్టుకుంటారు, అట్ట చింపుతారు" అన్నాడు. నీకు రాయలేదు. రాస్తే నువ్వు కూడా అదే కళ్ళతో చూస్తావని.

ఇమ్మానియేలు ఆయనకంటే ముందే అన్నాడు. బేళ్ళ దగ్గర నా జతగాడు. "ఇంట్లో కూర్చుంటే గెలిచే యుద్ధం ఏంట్రా?" అన్నాడు. నీకు ఆడటం చేతకాదన్నాను. కాలర్లు పట్టుకున్నాం. అప్పటినుంచి మాటల్లేవు. పక్కపక్కన నిలబడి బేళ్ళు కడుతున్నాం, సైగలతో.

కందులు తగ్గించి చూశాను. ముప్ఫై పెడితే సిలార్ కోటని నిలబెడతాడు, బావురుపిల్లిలా బయటికి దూకి బళ్ళు లాక్కుపోతాడు. అదే ముప్ఫైతో వాళ్ళ తమ్ముడు పదిహేను వంతులకే ఆకలికి చచ్చాడు. ముప్ఫై ఆరు పెడితే తమ్ముడు గెలుస్తాడు, సిలార్‌ని ఎవడూ కదపలేడు. ఒకడికి చాలిన కందులు ఇంకొకడికి చాలవు. నెల్లాళ్ళుగా ఇదే నా తలలో తిరుగుతోంది.

ముప్ఫై నాలుగు పెట్టి ఆడించు. అది నడిమి లెక్క. ఇంకేం ముట్టుకోవద్దు. మీ ఎలీసమ్మత్తకి చెప్పు, యుద్ధమంటే వేరుశనక్కాయలు వలుచుకోవడం కాదని.

జయరావు

---

ఒంగోలు,
8 మార్చి.

తమ్ముడూ,

శుభవార్త. నీ ఆట లేచి నిలబడింది. అరుగు మీద చోటు చాలడం లేదు. ఒకసారి కోట నిలుస్తోంది, ఒకసారి పడుతోంది. ఎవరు గెలుస్తారో చివరిదాకా చెప్పలేకపోతున్నారు. నిన్న బసవమ్మ ఆఖరి వంతులో గెలిచి లేచి గంతులేసింది. ఆ వయసులో! సింగరాయకొండ నుంచి రైల్లో వచ్చే కూలీలు రెండో గుడ్డ గీయించుకుని పట్టుకుపోయారు. రైల్లో కూడా ఆడుతున్నారట.

నిన్ను చూడని మనుషులు నీ రూల్సు చదివించుకుని ఆడుతున్నారంటే నాకు ఎంత గర్వంగా ఉందో! మిగతా సంగతులు నెమ్మదిగా రాస్తాను. పనికి వేళయింది.

అక్క

---

గుంటూరు,
14 మార్చి.

అక్కా!

చెప్పానా! నడిమి లెక్క అని చెప్పానా! నీ ఉత్తరం పట్టుకుని పనిబట్టలతోనే ప్రెస్సుకి పోయాను. వెంకటనారాయణ గారి ముందు పెట్టి, "చదవండి! ఒంగోల్లో రైళ్ళల్లో ఆడుతున్నారు. నా లెక్కలో తప్పు లేదు. తప్పంతా ఇక్కడి బుర్రల్లో ఉంది" అన్నాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "అయితే ఏప్రిల్ మొదటి ఆదివారం నా ప్రెస్సు వరండాలో, నేను పిలిచిన మనుషులతో ఆడించు. నువ్వు నోరు తెరవకూడదు. ఒక్క మాట మాట్లాడినా గుడ్డ చుట్టి చేతికిస్తా" అన్నాడు.

ఒప్పుకున్నాను. ఇమ్మానియేలుకి వినబడేలా మిల్లులో అందరికీ చెప్పాను. మేస్త్రీకి కూడా.

జయరావు

---

ఒంగోలు,
19 మార్చి.

జయరావూ,

నువ్వు పందెం కాసి వస్తావనుకోలేదు. ఇక దాచకూడదు. కూర్చుని చదువు.

నీ ముప్ఫై నాలుగుతో రెండు రోజులు ఆడాం. నువ్వన్నట్టే అయింది. ఆట తెలిసినవాళ్ళకి అది ఎక్కువ, తెలియనివాళ్ళకి తక్కువ. మూడో రోజు కోట నాకంటే నాకని ఎలీసమ్మత్తా బసవమ్మా తగువుపడ్డారు. అప్పుడు ఎలీసమ్మత్త, "తగువెందుకే, పాడుకుందాం" అంది.

మన చర్చి గుళ్ళో కోతపండుగ వేలం గుర్తుందిగా? కోళ్ళూ, గుమ్మడికాయలూ, మిరపకాయల బుట్టలూ ఎవరికి తోచింది వాళ్ళు తెస్తారు, పాట పెడతారు. పోయినేడు పోటీకి పాడిన జయకుమారి మీద పంతంతో ఎలీసమ్మత్త ఒక గుమ్మడికాయని మేకపిల్ల ధరకి పాడుకుంది. దాన్ని వారం రోజులు వండుకోకుండా గుమ్మంలో పెట్టి అందరికీ చూపించింది. ఆ వేలం ఇక్కడికి తెచ్చింది. కాకపోతే ఇక్కడ పాట కిందికి దిగుతుంది.

"ముప్ఫై ఎనిమిది కందులిస్తే చాలు, కోట నాది" అంది.

"ముప్ఫై అయిదుతో నేను కాస్తా" అని బసవమ్మ.

"ముప్ఫై రెండు!"

"ముప్ఫై!"

"ఇరవై నాలుగు!" అనేసింది ఎలీసమ్మత్త. అందరూ అబ్బో అన్నారు. పంతం! లోపల తిండి లేక ప్రతి వంతూ బయటికి దూకాల్సి వచ్చింది. ఎంత బాగా ఆడిందనుకున్నావు! అయినా కోట పడింది. మర్నాడు తగ్గి, ముప్ఫై ఒకటికి పాడి గెలిచింది.

అప్పటినుంచి అందరూ పాడుకునే ఆడుతున్నారు. ఎవరి చేతనైనంత వాళ్ళు పాడతారు, దాని బరువు వాళ్ళే మోస్తారు. ఎన్ని కందులు న్యాయమో నువ్వు చెప్పక్కర్లేదురా.

నీకు ముందే రాస్తే ఇమ్మానియేలుకి చేసినట్టు చేస్తావని భయపడ్డాను.

అక్క

---

గుంటూరు,
24 మార్చి.

నేను రాసిన రూలుని గుమ్మడికాయని చేశారు. నేను ఊరంతా చాటుకున్న ముప్ఫై నాలుగు మూడో రోజే పారేశారు. అయినా "నీ రూల్సు, నీ ఆట" అని రాశావు. నేను ఆ ఉత్తరం పట్టుకుని ప్రెస్సులో కోడిపుంజులా కూశాను.

వేలం పెట్టుకోవడానికి నా రాత్రింబవళ్ళే దొరికాయా? ఆట చేసింది నేను. ఆడమన్నాను, అంతే. దిద్దమనలేదు.

గుడ్డ తిరిగి పంపించు.

జయరావు

---

ఒంగోలు,
28 మార్చి.

ఒరేయ్ జయరావూ,

గుడ్డ పంపను. అది అరిగిపోయింది. నడుమ కొండ కనబడటం లేదు, అన్ని చేతులు పడ్డాయి దాని మీద. మీ మిల్లు సిరా మా ఆడవాళ్ళ వేళ్ళకి అంటింది. నీకు కావలసింది అదే కాదట్రా?

ఆడమన్నావు. ఆడారు. ఆకు మధ్య నిలబడి నిలబడి నడుములు పడిపోయి, ఉన్న కాస్త విశ్రాంతీ నీ కోటకి ఇచ్చారు. నచ్చకపోతే ఒక్కరోజులో లేచి వెళ్ళిపోయేవాళ్ళు. నచ్చింది కాబట్టే బాగుచేశారు. ఎలీసమ్మత్తకి చదువు రాదు, నీ కాగితం నా చేత ఎన్నిసార్లు చదివించుకుందో తెలుసా? "ఆ పిల్లోడు ఇది ఎందుకు పెట్టాడే?" అని ఒక్కొక్క మాటకీ అడుగుతుంది. నీ మాటని అంత శ్రద్ధగా ఇంకెవరైనా విన్నారా నీ జన్మలో?

ఆ ఇంగ్లీషు పత్రికలో చిరిగిపోయిన పేజీల్లో ఏముందో నేను చెబుతాను. ఆట తయారయ్యాక ఆడేవాళ్ళ మాట వినమని ఉంటుంది.

వేలం పెట్టి ఒక్కసారి ఆడు. ఇమ్మానియేలుతో ఆడు. కోతపండుగ అంటే వాడికి విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత కూడా గుడ్డ కావాలంటే పంపిస్తాను.

ఇంకొకటి. చిన్నప్పుడు నువ్వు అరిచినప్పుడల్లా అమ్మ నీ నోట్లో నీళ్ళు పోసి, "మింగకు, ఉమ్మకు" అనేది గుర్తుందా? ప్రెస్సుకి పోయేటప్పుడు ఒక చెంబు పట్టుకుపో.

అక్క

---

గుంటూరు,
2 ఏప్రిల్.

అక్కా,

రెండు రోజులు నీ ఉత్తరం వైపు చూడలేదు. మూడో రోజు అన్నం గంట కొట్టినప్పుడు ఇమ్మానియేలు దగ్గరికెళ్ళి, "ఏరా, కోట పాడతావా?" అన్నాను.

"ఎందుకు, మళ్ళీ కాలర్ పట్టుకోవడానికా?"

"కందుల వేలంరా. కోతపండుగలా."

వాడు నా మొహంలోకి చూశాడు. "కిందికి పాడాలా?" అన్నాడు. ఒక్క మాట చెప్పకుండానే తెలిసిపోయింది వాడికి! బేళ్ళ మీదే ఇక్కడ నేనుంచుకున్న గుడ్డ పరిచాం. నేను ముప్ఫై రెండన్నాను. వాడు ముప్ఫై అన్నాడు. వదిలేశాను. వాడు కోట నిలబెట్టాడు. నాలుగు బళ్ళల్లో మూడు పట్టుకుపోయాడు, దొంగవెధవ. తర్వాత సిలార్ ఇరవై ఏడుకి పాడాడు, ఓడాడు. వాళ్ళ తమ్ముడు ముప్ఫై ఏడుకి పాడాడు, నిలబడ్డాడు. ఒకే గుడ్డ, అవే గింజలు. ప్రతివాడికీ సరిపోయింది.

నెల్లాళ్ళు నేను ఒక అంకె కోసం వెతికాను. లేని అంకె కోసం వెతికాను. ఎలీసమ్మత్త ఆ అంకెని ఆడేవాళ్ళ నోట్లోనే పెట్టేసింది.

"ఇమ్మానియేలూ, నువ్వన్నదే నిజంరా" అన్నాను. వాడు, "ఇంకోసారి అను, మేస్త్రీకి వినబళ్ళేదు" అన్నాడు. అన్నాను. గట్టిగా.

మొదటి రూలు కొట్టేసి మళ్ళీ రాశాను. ఆదివారం చెంబు పట్టుకుపోతాను.

జయరావు

---

గుంటూరు,
7 ఏప్రిల్.

అక్కా, అమ్మా, ఎలీసమ్మత్తా, బసవమ్మా, అందరూ వినండి. గట్టిగా చదువు.

నిన్న ప్రెస్సు వరండాలో బల్ల వేశారు. ఆడటానికి ఇద్దరు. ఒకాయన, తన కొడుకు పెళ్ళి శుభలేఖలు అచ్చేయించడానికి తెనాలి నుంచి వచ్చిన పెద్దమనిషి. "ప్రూఫు వచ్చేదాకా కూర్చోండి" అని వెంకటనారాయణ గారు ఆయన్ని కూర్చోబెట్టాడు. రెండోవాడు పీరు, ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. నేను చెంబెత్తి నోటినిండా నీళ్ళు పోసుకుని స్తంభం పక్కన నిలబడ్డాను.

పీరు కాగితం చదివాడు. "కోట ఎన్ని కందులతో కాయగలరో పాడండి. తక్కువకు పాడినవారిదే కోట." ఇద్దరూ తలలెత్తి నా వైపు చూశారు. నేను బుగ్గలు పొంగించుకుని చూశాను. మళ్ళీ చదువుకున్నారు.

"ముప్ఫై ఎనిమిది" అన్నాడు తెనాలి ఆయన.

"ముప్ఫై ఆరు" అన్నాడు పీరు. "ముప్ఫై అయిదు" అన్నాడు ఆయన. పీరు ఆగాడు.

వెనక నిలబడ్డ వెంకటనారాయణ గారికి కాలు ఆగలేదు. "ముప్ఫై అయిదుకి వదిలేస్తావట్రా కోటని? నేనైతే ముప్ఫైకి పాడతా!" అని కుర్చీ లాక్కున్నాడు. తెనాలి ఆయన నవ్వుతూ లేచి చోటిచ్చాడు.

పీరు నెమ్మదిగా, "ఇరవై తొమ్మిదండీ" అన్నాడు.

"నా దగ్గర పనిచేస్తూ నా మీదే పాడతావా? ఇరవై ఏడు!"

"మీదేనండి కోట" అన్నాడు పీరు, చేతులు కట్టుకుని. వాడి మొహం చూడాల్సింది! ఎలీసమ్మత్తా, నీ గుమ్మడికాయే! అచ్చం నీ గుమ్మడికాయే!

ఇంక యుద్ధం. వెంకటనారాయణ గారు బయటికి దూకి ఒక బండి పట్టాడు. "కొట్టు!" అని బల్ల గుద్దాడు. రెండోదీ పట్టాడు. మూడోదానికి వస్తుంటే పీరు దారిలో కాచుకున్నాడు. గవ్వలు పడ్డాయి. చింతపిక్కలు సగం పోయాయి. లోపల ప్రెస్సు మిషను ఆగింది, అందరూ వచ్చి చుట్టూ మూగారు. శుభలేఖ ప్రూఫు తెచ్చిన మనిషి దాన్ని విసనకర్రలా ఊపుకుంటూ చూస్తున్నాడు, పెళ్ళికొడుకు తండ్రికి అదేం పట్టలేదు. "గోడ వదలకండి, గోడ వదలకండి!" అని ఆయనే అరుస్తున్నాడు.

ఇంక రెండు వంతుల్లో వానలు. కోటలో ఒక్క కంది. పడింది కోట.

వెంకటనారాయణ గారు ఆ ఒక్క కందిని వేలితో అటూ ఇటూ దొర్లించాడు. తలెత్తి, "ఏమోయ్, ఎక్కడ తప్పు చేశాను?" అని నన్నడిగాడు. నా నోట్లో నీళ్ళు. చెప్పలేను. ఆయన నా బుగ్గలు చూశాడు, చెంబు చూశాడు, పెద్దగా నవ్వాడు.

"పీరూ, కందులు లెక్కపెట్టు. ఇంకో ఆట! ఈసారి ముప్ఫై కిందికి దిగితే నా చెయ్యి పట్టుకో."

ఇంకో ఆట! ఓడినవాడు అడిగాడక్కా, ఇంకో ఆట! నేను వీధిలోకి పరిగెత్తి నీళ్ళు ఉమ్మేసి ఒక్క కేక వేశాను. రిక్షావాళ్ళు ఎవరికో యాక్సిడెంటయిందని పరిగెత్తుకొచ్చారు.

ఈ నెలాఖరుకి అచ్చు. "పెట్టె మీద ఎవరి పేరు వేయాలి?" అన్నాడు. జనవరిలో అడిగుంటే నా ఒక్కడి పేరే చెప్పేవాణ్ణి. నిన్న చెప్పింది వేరు. పెట్టె వచ్చాక మీరే చూసుకోండి.

జయరావు

---

ఒంగోలు,
11 మే.

తమ్ముడూ,

పెట్టె అందింది. ఎర్ర అట్ట, మీద కొండ. గోడౌను అరుగు మీద అందరి ముందూ విప్పాను. మూత లోపలివైపు చదివాను: ఆట తయారుచేసినది, జయరావు, గుంటూరు. కోటను వేలం పాడే పద్ధతి, ఎలీసమ్మ, ఒంగోలు. ఆడి సరిచేసినవారు, బసవమ్మ, రెబ్కా, ఇమ్మానియేలు, సిలార్, పీరు, సింగరాయకొండ రైలు కూలీలు.

ఎలీసమ్మత్త, "నా పేరు ఎక్కడుందే, వేలు పెట్టి చూపించు" అంది. చూపించాను. ఆ చోట కాసేపు వేలుంచింది. "వెంకటనారాయణ అని లేదేం?" అంది. ఆయన ఆడి ఓడాడంతే, సరిచేయలేదన్నాను. "మంచి పని చేశాడు పిల్లోడు" అంది.

ఇప్పుడు పెట్టె ఆవిడ గుమ్మంలో ఉంది. గుమ్మడికాయ ఉన్న చోటే.

ఇక అసలు సంగతి. కోప్పడకు. మొన్న ఎలీసమ్మత్త ఆడుతూ ఆడుతూ ఆగిపోయి, "ఏమే రెబ్కా, కోటలోవాళ్ళు వంతుకి రెండు కందులు తింటున్నారు. మరి బయటున్నవాళ్ళకి వండేదెవరు? వాళ్ళకి ఆకలెయ్యదా?" అంది. నిజమేరా! బసవమ్మ తిండిబళ్ళన్నీ గుడ్డ అంచుకి తోసి దాచేసుకుంటోంది. వాటితో ఆమెకి పనేం లేదు కదా. ఎలీసమ్మత్త బయటికొచ్చినా పట్టుకోవడానికి బండి దొరకడం లేదు. పెట్టెలేమో అచ్చయిపోయాయి. ఏం చేద్దాం?

అక్క

---

కార్డు
గుంటూరు,
15 మే.

అక్కా,

పత్తిగింజలు కూడా తినాలి. నాకు తట్టనే లేదు! ఇమ్మానియేలుకి చదివి వినిపిస్తే తల కొట్టుకున్నాడు. వెంకటనారాయణ గారు రెండో అచ్చుకి కాగితం తెప్పిస్తున్నాడు, ఆపమన్నాను.

ఆదివారం పొద్దున పాసింజరుకి వస్తున్నాను. బయటివాళ్ళకి ఎలా వండిపెట్టాలో ఎలీసమ్మత్తనే చెప్పమను. నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చుంటాను. గుడ్డ పరిచి ఉంచండి.

జయరావు